చైనాతో పీవీ కొన్న టైమ్‌ని మనమేం చేశాం?

2025 ఆగస్టు 31న చైనాలోని తియాన్‌జిన్‌లో మోదీ, షీ జిన్‌పింగ్ చేతులు కలిపిన ఫోటో బయటికొచ్చిన కాసేపటికే మన వాట్సాప్ గ్రూపులు రెండు పార్టీలైపోయాయి. ఒకళ్లు "సరెండర్, గల్వాన్‌లో పోయిన ప్రాణాలు మర్చిపోయారు" అంటే ఇంకొకళ్లు "మాస్టర్ స్ట్రోక్, ట్రంప్‌కి దిమ్మ తిరిగింది చూడు" అన్నారు. 2020 జూన్‌లో చైనా టీవీలు మేడ మీంచి కింద పడేస్తున్న వీడియోలు ఫార్వర్డ్ చేసింది కూడా ఇదే జనం, ఆ ఫార్వర్డ్ చేసిన ఫోన్ ఏ దేశానిదో మాత్రం ఎవరూ అడగలేదు. సరే, అది వదిలేద్దాం.

నాకు ఈ రెండు మాటలూ ఒకే తానులో ముక్కల్లా కనిపిస్తాయి. ఒకటి కోపం, ఇంకోటి సంబరం. మన దగ్గర ఎంత బలముంది, అవతలోడి దగ్గర ఎంతుంది, మనకి కావల్సింది రావాలంటే ఎన్నేళ్లు పడుతుంది, ఆలోపు ఏం చెయ్యాలి అనే లెక్క రెంటిలోనూ లేదు. ఆ లెక్క ముందేసుకుని మాట్లాడేవాళ్లని విదేశాంగ విధానంలో రియలిస్టులు అంటారు. మోర్గెంథావ్, కెన్నెత్ వాల్ట్జ్ నుంచి ఇప్పటి మియర్‌షైమర్ దాకా ఈ అమెరికా ప్రొఫెసర్లలో వీళ్లలో వీళ్లకి బోలెడు తగాదాలున్నాయి కానీ అందరూ ఒప్పుకునే సంగతి ఒకటుంది. దేశాల మీద పోలీస్ స్టేషన్ లేదు. ఇంటి మీదకి ఎవడైనా వస్తే ఫోన్ చెయ్యడానికి నంబర్ లేదు, కాబట్టి ఎవరి జాగ్రత్త వాళ్లదే. అవతలోడి మనసులో ఏముందో ఈ రోజు తెలిసినా రేపు మారొచ్చు, అందుకని వాడేమంటున్నాడు అన్నదాని కన్నా వాడు ఏం చెయ్యగలడు అన్నది చూడాలి.

ఇది వినగానే చాలామంది రియలిస్ట్ అంటే యుద్ధం కోరేవాడు అనుకుంటారు, జరిగింది చూస్తే ఎక్కువసార్లు రివర్స్. 2002 సెప్టెంబర్‌లో ఇరాక్ మీద యుద్ధం అమెరికాకి మంచిది కాదు అని 33 మంది ప్రొఫెసర్లు న్యూయార్క్ టైమ్స్‌లో డబ్బులు కట్టి మరీ యాడ్ వేశారు, వాళ్లలో పేరున్న రియలిస్టులు చాలామంది. సోవియట్ యూనియన్‌ని కట్టడి చెయ్యాలని 1946, 47ల్లో చెప్పిన అమెరికా దౌత్యవేత్త జార్జ్ కెన్నన్, అదే మనిషి 1997లో అమెరికా, యూరప్‌ల సైనిక కూటమి నాటోని తూర్పుకి పెంచొద్దు, పెద్ద తప్పవుతుంది అన్నాడు. వీళ్లకి శాంతి మీద ప్రేమ పొంగిపోయి కాదు, చేతిలో ఉన్న బలానికి, నోటితో చెప్పే టార్గెట్‌కి పొంతన లేకపోతే వీళ్లకి ఒళ్లు మండుతుంది, అంతే.

మన దేశంలో ఈ లెక్క అందరికన్నా బాగా తెలిసిన ప్రధాని ఎవరంటే నేను పీవీ నరసింహారావు అంటాను. తెలుగువాడు కదా అని కాదు. 1993 సెప్టెంబర్ 7న బీజింగ్‌లో కుదిరిన ఒప్పందం చూసి అంటున్నాను.

ఆ టైమ్‌కి మన పరిస్థితి ఏంటో గుర్తు చేసుకోండి. 1991లో ఫారిన్ ఎక్స్ఛేంజ్ రెండు మూడు వారాల దిగుమతులకి సరిపోయేంత కూడా కష్టంగా ఉంది, 47 టన్నుల బంగారం బయటి బ్యాంకులకి తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. అదే ఏడాది డిసెంబర్‌లో సోవియట్ యూనియన్ కుప్పకూలింది. 1971 ఆగస్టు 9న వాళ్లతో చేసుకున్న ట్రీటీ ధైర్యంతోనే కదా ఆ డిసెంబర్‌లో అమెరికా నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చినా మనం వెనక్కి తగ్గలేదు, 1991 తర్వాత ఆ ధైర్యం లేదు. మన ఆయుధాల్లో ఎక్కువ భాగం అక్కడివే, స్పేర్ పార్టులు ఏ దేశాన్ని అడగాలో కూడా తెలీని పరిస్థితి. కాశ్మీర్ మండుతోంది, పంజాబ్ అప్పుడప్పుడే చల్లబడుతోంది, 1992 డిసెంబర్‌లో అయోధ్య, 1993 మార్చిలో బొంబాయి పేలుళ్లు, పార్లమెంట్‌లో మెజారిటీ అంతంత మాత్రం. ఇన్ని పెట్టుకుని హిమాలయాల్లో చైనాతో ఎదురెదురుగా నిలబడ్డానికి డివిజన్ల కొద్దీ సైన్యాన్ని పైన పెట్టి మేపాలంటే ఎక్కణ్ణించి తేవాలి?

అవతల చైనాకీ ఇబ్బందులున్నాయి. 1989 తియానన్మెన్ కాల్పుల తర్వాత పడమటి దేశాలు దూరం పెట్టాయి, సోవియట్ పతనం చూసి వాళ్ల పార్టీకి లోపల భయం పట్టుకుంది, ఎకానమీ పెంచుకోవడం తప్ప వేరే గొడవ వద్దు అనుకుంటున్నారు. అంటే ఇద్దరికీ టైమ్ కావాలి. పీవీ పట్టుకుంది అక్కడే.

ఒప్పందంలో ఉన్నది సింపుల్. వాస్తవాధీన రేఖ అని ఒకటుంది, అంటే ప్రస్తుతం ఎవరి చేతిలో ఎంతదాకా ఉందో ఆ గీత, దాన్ని ఇద్దరం దాటొద్దు, బలప్రయోగం చెయ్యొద్దు, బెదిరించొద్దు, ఇద్దరి సంబంధాలకి తగ్గట్టు సైన్యాన్ని తక్కువలో ఉంచుదాం, అసలు సరిహద్దు ఏది అనేది తర్వాత మాట్లాడుకుందాం. గట్టు తగాదా ఉన్న ఇద్దరు రైతులు కోర్టులో తేలేదాకా గట్టు మీద నాగలి పెట్టొద్దని పెద్దమనుషుల దగ్గర ఒప్పుకున్నట్టన్నమాట. ఈ రేఖ గురించి రాసిందేదీ సరిహద్దు మీద ఎవరి వాదననీ దెబ్బ తియ్యదు అని కూడా అందులోనే రాసుకున్నారు. చైనా ఆక్రమించిన ప్రతి అంగుళం వెనక్కి తెస్తాం అని 1962 నవంబర్ 14న పార్లమెంట్ చేసిన తీర్మానం ఉందే, దాన్ని పీవీ రద్దు చెయ్యలేదు, అలాగని దాన్ని పట్టుకుని మీసమూ మెలెయ్యలేదు. అల్మారాలో ఉంచారు.

ఒక చేత్తో ఇది చేస్తూ ఇంకో చేత్తో ఏం చేశారో చూస్తే మనిషి అర్థమవుతాడు. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు, ఆగ్నేయాసియా వైపు లుక్ ఈస్ట్, 1995లో తైవాన్ రాజధాని తైపేలో ఆఫీసు తెరవడం, అది ఎంబసీ అని పేరు పెట్టకుండా ఇండియా తైపే అసోసియేషన్ అని పెట్టడం, ఆ డిసెంబర్‌లో పోఖ్రాన్‌లో అణు పరీక్షకి ఏర్పాట్లు, అమెరికా శాటిలైట్లు పసిగట్టి ఒత్తిడి పెడితే ఆపడం. 1998లో వాజ్‌పేయి పరీక్ష చేసినప్పుడు క్లింటన్‌కి రాసిన ఉత్తరంలో చైనా ముప్పు గురించి రాశారు, అది లీక్ అయ్యి పేపర్లో వచ్చింది కూడా. పీవీ అయితే ఆ ఉత్తరం రాసేవారు కాదేమో అని నాకనిపిస్తుంది, ఊరికే అంటున్నాను, దీనికి రుజువేమీ లేదు. బీజింగ్‌తో సంతకం పెట్టడం, బీజింగ్ చుట్టుపక్కల కొత్త తలుపులు తట్టడం ఈ రెండూ ఆయనకి ఒకే పని.

పీవీని తిట్టేవాళ్ల వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. వాస్తవాధీన రేఖ అని సంతకం పెట్టడమంటే అక్సాయ్ చిన్‌లో 38 వేల చదరపు కిలోమీటర్ల ఆక్రమణని ఒప్పుకున్నట్టే అని, పైగా ఆ రేఖ ఎక్కడుందో మ్యాపుల మీద తేల్చుకోకుండా ఒప్పుకోవడం వల్ల చైనాకి ఎప్పుడు కావాలంటే అప్పుడు ముందుకి జరిగే వీలు దొరికిందని. రెండో భాగం నిజమే. కానీ 1993లో రేఖ తేల్చాల్సిందే అని కూర్చునుంటే ఏమయ్యేది? ఒప్పందమే ఉండేది కాదు. అప్పుడు పైన డివిజన్లు, కింద ఖాళీ ఖజానా. ఆ లెక్కలో పీవీ చేసింది కరెక్ట్ అనే నేను అంటాను. తప్పు ఆయన కొన్న టైమ్‌ని తర్వాత వాడిన తీరులో ఉంది, అందులో అన్ని పార్టీల వాటా ఉంది.

1990 ప్రాంతంలో మన జీడీపీ, చైనా జీడీపీ పెద్ద తేడా లేకుండా 300 బిలియన్ డాలర్ల పైచిలుకు ఉండేవి. 2020 వచ్చేసరికి వాళ్లది 14 ట్రిలియన్లు దాటింది, మనది 2.7 ట్రిలియన్ల దగ్గర. అయిదు రెట్లు తేడా. సైన్యం ఖర్చు చూసినా 2024లో వాళ్లది 314 బిలియన్ డాలర్లని, మనది 86 బిలియన్లని ఆయుధాల లెక్కలు తీసే స్టాక్‌హోమ్ పరిశోధన సంస్థ సిప్రీ వాళ్ల అంచనా. 1993 నుంచి 2020 దాకా అవే 27 ఏళ్లు ఇద్దరికీ దొరికాయి, ఒకళ్లు ఫ్యాక్టరీలు కట్టారు, ఇంకొకళ్లు కమిటీలు వేశారు. మనం ఏమీ చెయ్యలేదని కాదు, మనం కూడా పెరిగాం, కానీ పక్కవాడితో పోల్చుకుంటే ఎంత అన్నదే రియలిస్ట్ అడిగే ప్రశ్న, ఎందుకంటే బలం అనేది ఎప్పుడూ పక్కవాడితో పోల్చి చూసేదే.

రోడ్ల సంగతి ఇంకా విచిత్రం. సరిహద్దులో రోడ్లు వేస్తే అవే రోడ్ల మీద చైనా సైన్యం దిగొస్తుందేమో అన్న భయంతో దశాబ్దాల పాటు మనం కావాలనే రోడ్లు వెయ్యలేదు. ఇది ప్రతిపక్షం ఆరోపణ కాదు, 2013 సెప్టెంబర్‌లో అప్పటి రక్షణ మంత్రి ఏకే ఆంటోనీ స్వయంగా పార్లమెంట్‌లో చెప్పారు, సరిహద్దుని డెవలప్ చెయ్యకపోవడమే మంచి రక్షణ అని స్వతంత్ర భారతం చాలా ఏళ్లు అనుకుంది అని. తర్వాత కళ్లు తెరిచి 61 రోడ్లు లిస్టు వేసుకుని 2012 కల్లా పూర్తి చెయ్యాలనుకున్నారు, 2016 మార్చి నాటికి పూర్తయినవి 22 అని కాగ్ రిపోర్టు. అవతల 2006 జులైకే టిబెట్‌లోని లాసా దాకా రైలు వచ్చేసింది. లద్దాఖ్‌లో దర్బుక్ నుంచి దౌలత్ బేగ్ ఓల్డీ దాకా 255 కిలోమీటర్ల రోడ్డు మనకి 2019లో గానీ పూర్తవ్వలేదు. ఆ మరుసటేడే గల్వాన్. నా ఉద్దేశంలో ఇది యాదృచ్ఛికం కాదు, కింద ఎకానమీలో గ్యాప్ పెరిగిపోయింది, పైన కొండల మీద మాత్రం గ్యాప్ తగ్గడం మొదలైంది, అవతలివాళ్లు ఇప్పుడే కదలాలి అనుకోవడానికి అంతకన్నా మంచి టైమ్ దొరకదు.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో పెట్రోల్ పాయింట్ 14 దగ్గర జరిగింది సూర్యాపేటలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబుది ఆ ఊరే. మొత్తం 20 మంది పోయారు. చైనా తమవాళ్లు నలుగురు చనిపోయారని ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. చేతిలో తుపాకులుండి కూడా మేకులు దిగ్గొట్టిన రాడ్లకి, రాళ్లకి ఎదురు నిలబడి గడ్డకట్టే నీళ్లలో కొట్టుకున్నారంటే దానికి కారణం కూడా ఒక ఒప్పందమే, రేఖకి రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపొద్దని 1996లో రాసుకున్నారు. మనవాళ్లు చివరిదాకా ఆ కాగితానికి కట్టుబడ్డారు. 1993 నుంచి రాసుకున్న కాగితాలు 27 ఏళ్లు ఎందుకు నిలిచాయి, ఆ రాత్రి ఎందుకు నిలవలేదు అని ఆలోచిస్తే జవాబు కాగితాల్లో దొరకదు, వాటి వెనకున్న బలాబలాల్లో దొరుకుతుంది. 1993లో ఇద్దరూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉండి రాసుకున్నది, 2020లో ఒకళ్లు ఇంకొకళ్లకి అయిదు రెట్లయ్యాక కూడా అలాగే ఆగుతుందనుకోవడం మన అమాయకత్వం.

దానికి సాక్ష్యం కావాలంటే తర్వాత రెండు నెలలు చూడండి. చర్చలు, చర్చలు, గల్వాన్ దగ్గర కాస్త వెనక్కి తగ్గడం తప్ప ఏమీ కదల్లేదు. ఆగస్టు 29, 30 రాత్రుల్లో మన సైన్యం లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు దక్షిణ ఒడ్డున కైలాస్ శ్రేణి మీదున్న ఎత్తులు ఎక్కి కూర్చుంది, కింద చైనా క్యాంపు కనిపించేంత పైన. అప్పుడు కదిలింది. 2021 ఫిబ్రవరిలో పాంగాంగ్ రెండు ఒడ్ల నుంచీ ఇద్దరూ వెనక్కి తగ్గారు. ఇక్కడ మాత్రం నాకు అసంతృప్తి ఉంది, అంత కష్టపడి ఎక్కిన ఎత్తులు దిగడానికి, ఉత్తరాన చైనా మన పెట్రోలింగ్‌ని అడ్డుకుంటున్న దెప్సాంగ్‌ని కూడా కలిపి అడగాల్సింది, అడగలేదో అడిగినా ఇవ్వలేదో, దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో పెట్రోలింగ్ మీద ఒప్పందం కుదరడానికి 2024 అక్టోబర్ 21 దాకా ఆగాల్సొచ్చింది. గల్వాన్, గోగ్రా, పాంగాంగ్‌ల దగ్గర ఇద్దరూ అడుగు పెట్టకూడని బఫర్ జోన్లు పెట్టారు, మనం ఒకప్పుడు పెట్రోలింగ్ చేసిన చోట్లే అవి. దాన్ని విజయం అని పోస్టర్ వేసుకోవడం ఎలా కుదురుతుందో నాకర్థం కాదు. అలాగని ఓటమి అనీ అనను. ఇంకొంచెం టైమ్ కొన్నాం, ఈసారి రేటు ఎక్కువ పడింది.

2023 ఫిబ్రవరిలో విదేశాంగ మంత్రి జైశంకర్ ఒక ఇంటర్వ్యూలో చైనాది పెద్ద ఎకానమీ, చిన్న ఎకానమీగా నేను పోయి పెద్ద ఎకానమీతో గొడవ పెట్టుకోవాలా అన్న అర్థంలో మాట్లాడితే ప్రతిపక్షం పిరికితనం అని విరుచుకుపడింది. నాకు అందులో పిరికితనం కనిపించలేదు. అనువుగాని చోట అధికులమనరాదు అని చిన్నప్పుడే బట్టీ పట్టిన జాతి మనది. కాకపోతే అదే ప్రభుత్వ పెద్దలు, అదే పార్టీ ఛానళ్లు ఎలక్షన్ టైమ్‌లో తొడగొట్టే డైలాగులు చెప్పకుండా ఉండుంటే ఆ మాట నెత్తికెక్కేది. జనానికి ఇంట్లో ఒక సినిమా చూపించి, బయట ఇంకో లెక్క నడిపితే ఏదో ఒక రోజు ఆ సినిమా చూసినవాళ్లే ఆ లెక్కకి అడ్డం పడతారు. 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చి పశ్చిమాన మీరు సర్దుకోండి, తూర్పున మేము సర్దుకుంటాం అని సూచించినప్పుడు నెహ్రూకి జరిగింది ఇదే, పార్లమెంట్‌లో, పేపర్లలో లేచిన వేడికి ఆయన చేతులు కట్టేసినట్టయింది. ఆ బేరం మంచిదా కాదా అన్నది వేరే గొడవ, కనీసం బేరమాడే వీలు కూడా మిగల్లేదు.

ఇంతవరకూ రియలిస్టుల్ని మోశాను కాబట్టి వాళ్ల దగ్గరున్న పెద్ద లోపం కూడా చెప్పాలి. లెక్కలేసే మనిషి తనకి కనిపించినవే లెక్కేస్తాడు. రియలిజానికి బ్రాండ్ అంబాసిడర్ అనుకునే కిసింజర్‌నే తీసుకోండి, అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు, 1971 జులైలో పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లొచ్చాడు, ఆ దారి పాడవకూడదని తూర్పు బెంగాల్‌లో లక్షల మందిని చంపుతుంటే, దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వస్తుంటే అమెరికా కళ్లు మూసుకుంది. నీతి సంగతి పక్కన పెట్టినా లెక్క ప్రకారమైనా అది తప్పే, ఆ దెబ్బకి ఢిల్లీ నేరుగా మాస్కో ఒళ్లోకి వెళ్లిపోయింది, పాకిస్తాన్ రెండు ముక్కలైంది, ఆ తర్వాత దాదాపు పాతికేళ్లకు పైగా అమెరికాని మనం అనుమానంగానే చూశాం. బెంగాలీల కోపం, శరణార్థుల బరువు, ఇవేవీ ట్యాంకుల లిస్టులో ఉండవు కాబట్టి కిసింజర్ లెక్కలోకి రాలేదు. మియర్‌షైమర్ లాంటివాళ్లు కూడా పెద్ద దేశాల సంగతి చెప్తున్నప్పుడు చిన్న దేశాలకి సొంత బుర్ర ఉంటుందని మర్చిపోతుంటారు. నేపాల్, శ్రీలంక, మాల్దీవుల విషయంలో మనం చేసే పొరపాటు కూడా అచ్చం అదే.

ఇంకో ప్రమాదముంది, అది మన చరిత్రలోనే జరిగింది. విజయనగరంలో రాజ్యం నడిపిన అళియ రామరాయలు చేసిందంతా రియలిజమే. బీజాపూర్‌ని అహ్మద్‌నగర్ మీదకి, అహ్మద్‌నగర్‌ని బీజాపూర్ మీదకి ఎగదోస్తూ, ఎవరు పెరుగుతున్నారనిపిస్తే అవతలోళ్ల వైపు మొగ్గుతూ ఇరవై ఏళ్లు దక్కన్‌ని ఆడించాడు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా అయితే గద్దెనెక్కకముందు ఏడేళ్లు విజయనగరంలోనే తలదాచుకున్నాడు, తెలుగు నేర్చి తెలుగు కవుల చేత మల్కిభరాముడు అనిపించుకున్నాడు. 1565 జనవరిలో తళ్లికోట దగ్గర ఎదురు నిలిచి విజయనగరాన్ని ఓడించిన సుల్తానుల్లో ఆయనా ఉన్నాడు. ఒకళ్ల మీదకి ఒకళ్లని ఎగదొయ్యడం తప్పని చెప్పట్లేదు, కానీ అది అందరికీ కళ్లకి కట్టినట్టు కనిపిస్తే, పైగా అందులో అహంకారం కూడా కలిస్తే, విడివిడిగా ఉన్నవాళ్లు ఒకటవుతారు.

ఈ రోజు మనకి ఆ భయం ఎక్కడుందో 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ చూపించింది. పాకిస్తాన్ చేతిలో చైనా జే-10 విమానాలు, చైనా మిసైళ్లు, పైగా ఆ నాలుగు రోజులూ చైనా నుంచి లైవ్ ఇన్‌పుట్స్ అందాయని అప్పటి మన డిప్యూటీ ఆర్మీ చీఫ్ రాహుల్ సింగ్ జులైలో బహిరంగంగానే చెప్పారు. 2020-24 మధ్య పాకిస్తాన్ దిగుమతి చేసుకున్న ఆయుధాల్లో 81 శాతం చైనావేనని సిప్రీ అంటోంది. అంటే రెండు ఫ్రంట్‌లు అని ఇన్నాళ్లూ స్టాఫ్ కాలేజీ లెక్చర్లలో చెప్పుకున్నది ఇప్పుడు ఒకటే ఫ్రంట్ అయిపోయింది. ఇలాంటప్పుడు రష్యాని కూడా చైనా చేతుల్లో పూర్తిగా పడెయ్యడం మనకి నష్టం. మాస్కో ఆయిల్ కొనడంలో డిస్కౌంట్ ఒక కారణమైతే ఇది రెండో కారణం, బయటికి చెప్పుకోరు కానీ.

మరి అమెరికాతో వెళ్లిపోతే సరిపోతుంది కదా అని అమెరికాలో ఉన్న మనవాళ్లు తరచూ అంటుంటారు. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా టారిఫ్ 50 శాతానికి చేరినప్పుడు భీమవరం, నెల్లూరు వైపు చెరువుల దగ్గర అడిగితే దీనికి జవాబు దొరికేది. మన రొయ్యకి పెద్ద మార్కెట్ అమెరికానే, టారిఫ్ వార్త రాగానే ప్రాసెసింగ్ ప్లాంట్లవాళ్లు కౌంట్ రేటు తగ్గించి కూర్చున్నారు, మేత ఖర్చు, కరెంటు బిల్లు మాత్రం తగ్గలేదు. రష్యా ఆయిల్ కొంటున్నామని అమెరికా పెట్టిన గొడవకి కైకలూరు రైతుకి ఏం సంబంధం అంటే ఏమీ లేదు, బలమున్నవాడు ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో అక్కడ నొక్కాడు. సెప్టెంబర్‌లో హెచ్1బీ కొత్త అప్లికేషన్లకి లక్ష డాలర్ల ఫీజు అన్నప్పుడు అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దాకా ఆ నొప్పి వచ్చింది. స్నేహితుడు కూడా నొక్కుతాడని తెలిశాక, చైనాని ఒక్కణ్ణే శత్రువుగా, అమెరికాని ఒక్కణ్ణే దిక్కుగా పెట్టుకునే విధానం నాకైతే నచ్చదు. తియాన్‌జిన్ వెళ్లడంలో తప్పు లేదు అనేది ఇందుకే. వెళ్లొచ్చాక ఏం చేస్తాం అన్నదే అసలు గొడవ.

ఇక్కడ నాకు కృష్ణదేవరాయలు గుర్తొస్తాడు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెప్పే పద్యాలున్నాయి, యామునాచార్యుడు కొడుక్కి చెప్తున్నట్టు రాసినా మాట్లాడుతున్నది ఇరవై ఏళ్లు రాజ్యం నడిపిన రాజే అని చదివితే తెలిసిపోతుంది. అందులో ఒకచోట దూరదేశాల నుంచి ఏనుగుల్ని, మంచి గుర్రాల్ని తెచ్చే వర్తకులకి ఊళ్లో మంచి ఇళ్లివ్వు, కొలువులో దర్శనమివ్వు, లాభం వచ్చేట్టు కొను, ఆ సరుకు శత్రువుకి చేరకుండా చూసుకో అంటాడు. దక్కన్‌లో యుద్ధ గుర్రాలు సరిగ్గా పెరగవు, అరేబియా, హోర్ముజ్ వైపు నుంచి ఓడల్లో రావాలి, 1510 నుంచి గోవా రేవు పోర్చుగీసు వాళ్ల చేతిలో ఉంది. గుర్రం ఎవడి చేతిలో ఉంటే యుద్ధం వాడి చేతిలో ఉంది. 1547లో వాళ్లతో విజయనగరం కుదుర్చుకున్న ఒప్పందంలో గోవాకొచ్చే గుర్రాలు మాకే అమ్మాలి, బీజాపూర్‌కి అమ్మకూడదు అన్న షరతు ఉంది. సంతోషమే, కానీ ఆ షరతుని అమలు చేసేది పోర్చుగీసువాడు, మనం కాదు.

ఇప్పటి గుర్రాలు ఏంటో 2025 ఏప్రిల్‌లో తెలిసింది, చైనా ఏడు రకాల రేర్ ఎర్త్‌ల (మోటార్లలో వాడే బలమైన మాగ్నెట్లకి కావల్సిన అరుదైన లోహాల) ఎగుమతికి లైసెన్స్ పెట్టింది, మాగ్నెట్లు ఆగిపోయి మన ఎలక్ట్రిక్ బళ్ల కంపెనీలు గగ్గోలు పెట్టాయి. రేర్ ఎర్త్‌లుండే మోనజైట్ ఖనిజం ఉన్న ఇసక భీమిలి తీరంలో ఉంది, విశాఖలో మాగ్నెట్ ప్లాంటూ ఒకటి పెట్టారు, అవసరంతో పోలిస్తే అది చాలా చిన్నది.

కానీ నాకు మాగ్నెట్ల కన్నా మందుల మీద భయమెక్కువ. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు ఏ బల్క్ డ్రగ్ (మందుల్లో వేసే ముడి మందు) యూనిట్‌కి వెళ్లినా గోడౌన్లో డ్రమ్ముల మీద లేబుల్స్ చూడండి, సగానికి పైగా చైనావే. మనం దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌లో దాదాపు 70 శాతం అక్కణ్ణించే. పారాసెటమాల్ మనమే తయారు చేస్తాం, దానికి కావల్సిన పారా అమైనో ఫినాల్ అక్కణ్ణించి వస్తుంది. 2020 మొదట్లో అక్కడ కోవిడ్‌తో ఫ్యాక్టరీలు మూసేస్తే మార్చి 3న మన ప్రభుత్వం పారాసెటమాల్‌తో కలిపి 26 రకాల మందులు, ముడి మందుల ఎగుమతిని ఆంక్షల్లో పెట్టాల్సొచ్చింది. అంతా కలిపి చూస్తే గల్వాన్ జరిగిన ఏడాది చైనా నుంచి మన దిగుమతులు 65 బిలియన్ డాలర్లు, 2024-25లో 113 బిలియన్లు దాటాయి, లోటు 99 బిలియన్లు. యాప్‌లు బ్యాన్ చేశాం, టీవీలు పగలగొట్టాం, ఓడలు మాత్రం ఇంకా ఎక్కువ నిండి వచ్చాయి.

యాంటీబయాటిక్స్‌కి ముడిసరుకైన పెనిసిలిన్-జి (పెన్-జి) కథ మొత్తం ఈ గొడవనంతా ఒక్క సరుకులో చూపిస్తుంది. ఒకప్పుడు ఇక్కడ చాలా కంపెనీలు దాన్ని చేసేవి. 90ల నుంచి చైనా సరుకు చవగ్గా దిగడం మొదలైంది, అక్కడ ప్రభుత్వాలు కరెంటు, స్థలం, అప్పు అన్నీ సాయం చేశాయి, ఇక్కడ దాన్ని పులియబెట్టి తీసే ఫర్మెంటర్లు ఒక్కొక్కటే ఆపేశారు. మన మందుల కంపెనీలకి అది పండగే, ముడిసరుకు చవగ్గా వస్తుంటే ఫార్ములేషన్లు, అంటే మాత్రలు, ఇంజెక్షన్లు చేసి అమెరికాకి అమ్ముకుని లాభాలు చూశారు, హైదరాబాద్ పేరు ప్రపంచమంతా తెలిసింది. ఎవరూ తప్పు చెయ్యలేదు, ప్రతి ఒక్కరూ తమ బ్యాలెన్స్ షీట్ చూసుకున్నారు. దేశం బ్యాలెన్స్ షీట్ చూడాల్సినవాళ్లు చూడలేదు. 2020లో 6,940 కోట్లతో బల్క్ డ్రగ్స్‌కి, ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకం ఇచ్చే పీఎల్ఐ స్కీమ్ పెట్టారు, దాని కింద అరబిందో గ్రూపు కాకినాడ దగ్గర ఏడాదికి 15,000 టన్నుల కెపాసిటీతో పెన్-జి ప్లాంటు పెట్టింది, 2024లో ఉత్పత్తి మొదలైంది. నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్క్ రావాల్సుంది, అక్కడ కాలుష్యం మీద, భూముల మీద మత్స్యకారుల, రైతుల అభ్యంతరాలున్నాయి, అవి న్యాయమైనవే, వాళ్ల మాట వినకుండా పని జరగదు.

ఇప్పుడు అవతలివాళ్లు కిలోకి కొంత రేటు తగ్గిస్తే చాలు, కాకినాడ ప్లాంటు నష్టాల్లోకి వెళ్తుంది. కనీస దిగుమతి ధర పెట్టండి అని ప్లాంటువాళ్లు అడుగుతారు, పెడితే మా యాంటీబయాటిక్ ఖర్చు పెరుగుతుంది, మందుల షాపులో రేటు పెంచనివ్వరు, మేమెలా బతకాలి అని పక్కనే చిన్న ఫార్ములేషన్ యూనిట్లవాళ్లు అడుగుతారు. ఇద్దరూ మన ఊళ్లవాళ్లే, ఇద్దరి మాటలోనూ నిజముంది. ఆ తేడా కిలోకి ఎంతో తేల్చి, దాన్ని ఎన్నేళ్లు ఎవరి జేబులోంచి కడతారో, ఆసుపత్రులకి మందులు కొనే ప్రభుత్వాలు కడతాయా, రక్షణ బడ్జెట్‌లో పెడతారా, కంపెనీలు సర్దుకుంటాయా అన్నది చెప్పమనండి ముందు. తియాన్‌జిన్ ఫోటో మంచిదా చెడ్డదా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.